బెలిండా 'కట్' అన్న రోజు

శాంటాఫే చుట్టుపక్కల ఏ సినిమా యూనిట్‌ని అడిగినా, షూటింగులో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి బెలిండా తఫోయా అని చెప్పేవారు. ఆమె స్క్రిప్టు సూపర్వైజరు. డైరెక్టరు పక్కన, మానిటరు ముందు మడత కుర్చీ వేసుకుని, కెమెరా ముందు జరిగిందంతా రాసుకోవడం ఆమె పని. హీరో కాఫీ కప్పు ఏ చేత్తో ఎత్తాడు, ఏ మాట దగ్గర దించాడు, కోటుకు ఎన్ని గుండీలు పెట్టుకున్నాడు, జుట్టు చెవి ముందు పడిందా, వెనక పడిందా. ఒకే సన్నివేశాన్ని ఆరు వైపుల నుంచి తీస్తారు, ఒక్కోసారి మూడు వారాలు ఆగి మిగతా సగం తీస్తారు. అతుకు కనపడకూడదంటే ఇవన్నీ ఒకరికి గుర్తుండాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ ఒకరు బెలిండా.

"నా పెళ్ళిలో నేను ఏ టై కట్టుకున్నానో మా ఆవిడకే గుర్తు లేదు. దీన్నడగండి, ముడి ఎటు వంకరపోయిందో కూడా చెప్తుంది," అనేవాడు ఎలోయ్ శాండొవాల్. ప్రాపర్టీలన్నీ, అంటే ఆర్టిస్టు చేతిలోకి వెళ్ళే ప్రతి వస్తువూ, అతని బాధ్యత. బెలిండాతో ఇరవై ఏళ్ళ స్నేహం.

"ఎడమకి," అనేది బెలిండా తలెత్తకుండానే.

ఆ మార్చిలో ఒక షెరీఫు, అంటే జిల్లా పోలీసు పెద్ద, కుటుంబం మీద టీవీ సీరియల్ తీస్తున్నారు. రెండో ఏడు. గలిస్తేయో దగ్గర పొలాల్లో షూటింగు. మంగళవారం పొద్దున్నే కబురొచ్చింది, షెరీఫు వేషం వేసే ఆయనకు నూట రెండు జ్వరమని. ఎవరు ఎక్కడ ఎన్నింటికి నిలబడాలో తేల్చేది ఫస్టు అసిస్టెంట్ డైరెక్టరు డ్వైట్ ప్రూయిట్. అతను అరగంటలో రోజంతా తిరగరాసి బెలిండా దగ్గరికొచ్చాడు.

"శుక్రవారం తీయాల్సిన పిల్లల సీను ఇవాళే తీసేస్తున్నాం. పిల్లలిద్దరూ ఊళ్ళోనే ఉన్నారు. మారెన్ రాత్రే దాన్ని మార్చి రాసిందట. చదివి, ఎన్ని నిమిషాలొస్తుందో చెప్పు."

చేతిలో రెండు ఆకుపచ్చ కాగితాలు పెట్టి వెళ్ళిపోయాడు. రాత మారినప్పుడల్లా కాగితం రంగు మారుస్తారు. అది నాలుగో మార్పు. మారెన్ హోల్‌కమ్ లాస్ ఏంజెలస్ నుంచి వచ్చిన రచయిత్రి. సీరియల్ రాసేదీ, నడిపేదీ ఆమే. డైరెక్టర్లు వారానికొకరు వచ్చి పోతుంటారు. టీవీలో చివరిమాట రచయితది.

సీను ఎంతసేపు నడుస్తుందో తేల్చడానికి బెలిండా స్టాప్‌వాచ్ నొక్కి, మాటలు పెదవులతోనే పలుకుతూ, నడకలు మనసులో నడుస్తూ చదివేది. అలవాటుగా నొక్కింది.

పంటకాలువ గట్టు. పగలు. పదకొండేళ్ళ పిల్ల బోర్లా పడుకుని బొమ్మల నవల చదువుతుంటుంది. వేలు నాలికతో తడుపుకుని పేజీ తిప్పుతుంది. గాలికి ఆమె టోపీ ఎగిరి ఎండిన కాలువలో పడుతుంది. పిల్ల తలెత్తదు. "పోయి తీసుకురా పో" అంటుంది తమ్ముడితో. వాడు దిగుతాడు.

రెండో కాగితం. షెరీఫు కింద పనిచేసే డిప్యూటీ ఒకడు పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని అడుగుతాడు: "మీ తమ్ముడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడమ్మా?" పిల్లకు గుర్తు రాదు.

బెలిండా మళ్ళీ మొదటి కాగితం తీసింది. మళ్ళీ రెండోది. ఎవరో పిలిస్తే వినపడింది కానీ ఎవరో తెలియలేదు.

"ఎంతొచ్చింది?" డ్వైట్ పక్కన నిలబడి ఉన్నాడు. తానే వంగి స్టాప్‌వాచ్ చూశాడు. అది ఇంకా నడుస్తూనే ఉంది. "పదకొండు నిమిషాలా? పేజీన్నర సీనుకా? మధ్యలో కునుకు తీశావా ఏంటి?"

"నిమిషం నలభై," అంది బెలిండా.

ఆ పిల్ల తనే. ఎస్పన్యోలా దాటాక నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఆపిల్ తోటలు. నలభై ఏడేళ్ళ కిందటి ఏప్రిల్, శనివారం. ఊరంతా కలిసి కాలువ పూడిక తీసి వారమైంది. నీళ్ళు సోమవారం వదులుతారని పెద్దవాళ్ళు అనుకుంటుంటే విన్నది. ఎండు కాలువ గనకనే తమ్ముడు బేటోని పంపింది. వాడికి ఐదేళ్ళు. పిన్ని దగ్గర దొంగతనంగా తెచ్చుకున్న బొమ్మల నవల చేతిలో ఉంది, కథ మంచి పట్టుమీద ఉంది. శనివారమే నీళ్ళొచ్చాయి. ఎందుకొచ్చాయో పదకొండేళ్ళ పిల్లకు ఎవరూ చెప్పలేదు, రోజు తనే తప్పు విన్నాననుకుంది. అడిగినవాళ్ళందరికీ ఒకే మాట చెప్పింది: తాను మంచినీళ్ళు తాగడానికి ఇంట్లోకి వెళ్తే వాడంతట వాడే దిగాడని. అమ్మకూ నాన్నకూ అదే చెప్పింది. చొక్కా రంగు మాత్రం చెప్పలేకపోయింది. ఆ రోజు నుంచి ఎదురుపడ్డ ప్రతి మనిషి ఒంటిమీద బట్ట చూసి గుర్తు పెట్టుకోవడం మొదలుపెట్టింది. అదే తర్వాత ఉద్యోగమైంది.

నిజం ఒకే ఒక్కరికి చెప్పింది. కిందటి అక్టోబరులో మంచు తుఫాను వచ్చి దారి మూసేస్తే, రెండు గంటలు కార్లో కూర్చోవాల్సి వచ్చింది. పక్కన మారెన్. ఎందుకు చెప్పిందో తనకే తెలియదు.

ఇప్పుడు లేచి ఏమనాలి? ఇది నాది అంటే, ఆ పిల్ల నేనేనని యూనిట్ మొత్తానికీ చెప్పుకున్నట్టే. కూర్చుండిపోయింది.

ఎలోయ్ వచ్చాడు. "బొమ్మల నవల తెచ్చా, పాతదే. ఏ చేతిలో ఉంటుంది?"

"కుడి."

"ఏ చేత్తో తిప్పుతుంది?"

"ఎడమ," అంది. అలా తిప్పింది తనే. కాగితంలో ఆ సంగతి లేదు.

బట్టలు చూసే షార్లీన్ యాజీ రెండు చిన్న చొక్కాలు పట్టుకొచ్చింది, ఎరుపొకటి, చారలదొకటి. "బాబు చొక్కా రంగు పేజీలో రాయలేదు బెలిండా. ఏది వెయ్యను?"

"నాకు తెలీదు."

షార్లీన్ చొక్కాలు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. బెలిండా నోట ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు. చివరికి డైరెక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన చారలది అన్నాడు.

భోజనాలయ్యాక మొదలుపెట్టారు. డైరెక్టరు గిల్ ఒయామా నెమ్మదైన మనిషి, ఆ సీరియల్‌కు కొత్త. మొదటి టేకు బాగానే వచ్చింది. బెలిండా రాసింది. అక్షరాలు వరస తప్పలేదు. తన చెయ్యి తనది కాదన్నట్టు రాసుకుంటూ పోయింది.

రెండో టేకులో, బాబు వేషం వేసిన పిల్లాడు కాలువలోకి దిగి, టోపీ అందుకుని, కాగితంలో లేని పని ఒకటి చేశాడు. దాన్ని తన తల మీద పెట్టుకుని, ఒడ్డు మీద అమ్మాయికేసి చూసి సిపాయిలా సెల్యూట్ కొట్టాడు. ఎవరూ చెప్పలేదు. వాడికే సరదా పుట్టింది.

బేటో అలాగే చేశాడు. టోపీ కళ్ళ మీదికి జారిపోతే వెనక్కి తోసుకుని, సెల్యూట్ కొట్టాడు. ఆ సంగతి మారెన్‌కు చెప్పలేదు. చెప్పడానికి తనకే గుర్తు లేదు. తాను తలెత్తనే లేదని ఇన్నేళ్ళూ నమ్మింది. ఎత్తింది. చూసింది. నవ్వింది కూడా. మళ్ళీ పుస్తకంలోకి తల దించుకుంది.

"కట్," అంది బెలిండా.

గట్టిగా అనలేదు. అయినా అక్కడున్న డెబ్భై మందికీ వినపడింది. షూటింగులో ఆ మాట అనే హక్కు డైరెక్టరు ఒక్కడిదే. కెమెరామన్ కెమెరా దగ్గర నుంచి తల తీశాడు. మైకు కర్ర పట్టుకున్నతను దాన్ని అలాగే గాల్లో ఉంచేశాడు. పిల్లలిద్దరూ తమదే తప్పనుకుని బిక్కమొహాలేశారు.

డ్వైట్ పరుగెత్తుకొచ్చాడు. "ఎవరన్నారది?"

గిల్ పక్కకు తిరిగి చూశాడు. "ఏమైంది బెలిండా?"

"పుస్తకం ఎడమచేతిలో ఉంది," అంది ఆమె. "మొదటిసారి కుడిచేతిలో ఉంది."

అబద్ధం. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ కుర్చీలోంచి ఆమె ఆడిన మొదటి అబద్ధం. మొదటి టేకులో పుస్తకం ఎలా ఉందో ఎలోయ్ ఫోటో తీసి పెట్టుకున్నాడు. దాన్ని చూశాడు, పిల్ల కుడిచేతిలోనే ఉన్న పుస్తకం చూశాడు, బెలిండా మొహం చూశాడు. ఫోటో జేబులో పెట్టేసుకున్నాడు.

"నాదే తప్పు," అన్నాడు అందరికీ వినపడేలా. "నేనే మార్చి ఇచ్చా. వయసైపోతోంది, ఏం చేస్తాం."

ఎవరో నవ్వారు. బెలిండా కాగితాలు కుర్చీలో పెట్టి, ఆకుపచ్చవి మాత్రం తీసుకుని, మారెన్ కూర్చునే ట్రెయిలర్‌కేసి నడిచింది.

మారెన్ కంప్యూటర్ ముందు ఉంది. బెలిండా కాగితాలు బల్ల మీద పెట్టింది.

"ఇది నాది."

"ఏది?"

"ఈ సీను. అక్టోబరులో కార్లో నీకు చెప్పాను."

మారెన్ కాగితాలు చూసి, అర్థంకానట్టు నవ్వింది. "లేదు బెలిండా. ఇది రెండు వారాల కిందట స్నానం చేస్తుంటే తట్టింది నాకు. తడి చేతులతోనే వచ్చి రాసుకున్నా."

"వేలు తడుపుకుని పేజీ తిప్పడం కూడా స్నానంలోనే తట్టిందా? టోపీ? డిప్యూటీ మోకాళ్ళ మీద కూర్చోడం?"

మారెన్ మళ్ళీ చదివింది. కాగితం బల్ల మీద పెట్టి, వేళ్ళు వెనక్కి తీసుకుంది.

"నాకు గుర్తు లేదు," అంది. "ఒట్టు. నువ్వు చెప్పావన్నది నాకు గుర్తే లేదు. ఇదంతా నేనే పుట్టించాననుకున్నా."

బెలిండా ఇందుకు సిద్ధపడి రాలేదు. దొంగిలించావని తిట్టడానికి వచ్చింది. మారెన్ బుకాయిస్తుందనో, నీకు గౌరవంగా ఉంటుందనుకున్నానంటుందనో అనుకుంది. నలభై ఏడేళ్ళలో ఒక్కసారి, ఒక్కరికి చెప్పిన మాట. విన్న మనిషి దాన్ని మర్చిపోయింది. కథ మాత్రం ఉంచుకుంది. బెలిండా అక్కడున్న కుర్చీలో కూర్చుంది.

"మా అమ్మకి ఎనభై ఆరు," అంది. "ఈ సీరియల్ ఒక్క వారం వదలదు. చివర్లో నా పేరు పడి పోయేదాకా టీవీ కట్టెయ్యనివ్వదు. నేను వాణ్ణి పంపానని ఆవిడకి తెలీదు."

"తీసేస్తా. ఇప్పుడే తీసేస్తా."

"నువ్వు తీసేస్తావు, సరే. నా కళ్ళముందు వాడు సెల్యూట్ కొట్టాడు మారెన్. అదెవరు తీస్తారు?"

మారెన్ ఏడుస్తోంది. బెలిండాకు మాత్రం కన్నీళ్ళు రాలేదు.

డ్వైట్‌ని ఆ పూటకు సెలవడిగింది. అతను గడియారం చూడకుండా సరేనన్నది ఆ ఒక్కసారే. "మానిటరు దగ్గర గిల్ అసిస్టెంటుని కూర్చోబెడతా. నువ్వు పో. కారు నడపగలవా?" అన్నాడు.

నడిపింది. గంటంబావు ప్రయాణం. తల్లి అడెలైడా వంటింటి కిటికీ పక్కన ఎండలో కూర్చుని చిక్కుడు గింజల్లో రాళ్ళు ఏరుతోంది.

"ఇదేంటే, మంగళవారం వచ్చావు? నిన్ను తీసేశారా?"

"లేదమ్మా."

"తీసెయ్యరులే. నువ్వు లేకపోతే వాళ్ళకి చెప్పుల జత కూడా దొరకదు. కూర్చో."

కూర్చుంటే చెప్పలేననిపించింది. బెలిండా నిలబడే చెప్పింది. ఎక్కడా ఆగలేదు. నీళ్ళ కోసం ఇంట్లోకి రాలేదని, వాణ్ణి తనే పంపిందని, టోపీ కోసమని, తల ఎత్తి చూసి కూడా మళ్ళీ దించుకుందని. తల్లి గింజలు ఏరుతూనే విన్నది.

"టోపీ కోసం పంపావని తెలుసు నాకు," అంది.

బెలిండా అప్పుడు కూర్చుంది. "ఎలా?"

"వాడు దొరికినప్పుడు టోపీ వాడి చొక్కాలోపల ఉంది. బొత్తాలన్నీ పెట్టుకుని, లోపల దాచుకున్నాడు. నీళ్ళొస్తుంటే తడవకూడదనుకున్నాడో ఏమో. వాడికి స్నానం చేయించింది నేనే కదా. ఆ టోపీ పొయ్యిలో వేసేశా, మీ నాన్న చూడకుండా."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే నేనూ చెప్పాల్సొస్తుందిగా."

"ఏం చెప్పాలి?"

అడెలైడా ఒక రాయి తీసి పక్కన పెట్టింది. "ఆ ఏడు కాలువ పెద్ద మీ నాన్న, నీళ్ళు వదలడం ఆయన చేతిలో పని. అది నీకు తెలుసు. ఆ శనివారం రేడియోలో చెప్పారు, ఆ రాత్రికి గడ్డమంచు కురుస్తుందని. ఆపిల్ చెట్లు నిండు పూత మీద ఉన్నాయి. తోటలకి తడి పెడితే పూత నిలుస్తుంది, లేకపోతే మాడిపోతుంది. తోటలవాళ్ళు వచ్చి కాళ్ళావేళ్ళా పడ్డారు. సోమవారం వదలాల్సిన నీళ్ళు అప్పుడే వదిలేశాడు. వదిలే ముందు గట్టెమ్మట మనిషిని పంపి ఇంటింటికీ చెప్పించాలి. ఆ తొందర్లో పంపలేదు. ఊరికి మాత్రం తూము తలుపు దానంతటదే జారిందన్నాడు. బేటో తొమ్మిదోరోజు ప్రార్థనలయ్యాక నాకొక్కదానికే చెప్పాడు. ఎవరికైనా చెప్తే ఉరేసుకుంటానన్నాడు. చెప్పలేదు."

తండ్రి ఓనోఫ్రే ఆ తర్వాత తూము తలుపు ముట్టుకోలేదు. కొడుకు పోయిన దుఃఖమని ఊరంతా అనుకుంది. బెలిండా కూడా అదే అనుకుంది. తనవల్లే నాన్న అలా అయిపోయాడనుకుని, ఆయన పోయేదాకా ఆయన కళ్ళలోకి సూటిగా చూడలేదు. ఆయనా తన కళ్ళలోకి చూసేవాడు కాదు. తన తప్పు తెలిసే చూడడం లేదనుకుంది.

"నలభై ఏడేళ్ళు, అమ్మా," అంది. "రోజు నేనే తప్పు విన్నాననుకున్నా. ఒక్క మాట చెప్పి ఉంటే..."

"నువ్వు మంచినీళ్ళకి వచ్చానన్నావు. ఆ అబద్ధం పట్టుకుని నిలబడ్డావనుకున్నా. దాన్ని నేను లాగేస్తే పిల్ల ఏమైపోతుందో అనిపించింది. మోసేది మేమిద్దరమే అనుకున్నా." తల్లి మొదటిసారి తలెత్తింది. "నువ్వూ మోస్తున్నావని నాకెవరు చెప్పారు?"

బెలిండా బయటికి వెళ్ళిపోయింది. కారు తలుపు తీసి కూర్చుంది, తాళం పెట్టింది, తిప్పలేదు. కోపంగా ఉంది, కానీ ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది. చనిపోయిన తండ్రి మీదా, ఎనభై ఆరేళ్ళ తల్లి మీదా, అన్నీ మర్చిపోయే మారెన్ మీదా? పావుగంట తర్వాత చేతిసంచీ మర్చిపోయానని గుర్తొచ్చి లోపలికి వెళ్ళింది. తల్లి ఇంకా ఏరుతూనే ఉంది. కానీ మంచి గింజలు రాళ్ళలో, రాళ్ళు గింజల్లో వేస్తోంది. బెలిండా గిన్నె తన ముందుకు లాక్కుని మొదటినుంచి ఏరడం మొదలుపెట్టింది.

సీను తీసేశారు. అది తన సొంతం కాదని మారెన్ తనే నిర్మాతలకు ఉత్తరం రాసింది, ఎవరిదో మాత్రం రాయలేదు. దాని బదులు షెరీఫూ కూతురూ వంటింట్లో పోట్లాడుకునే సీను ఒకటి వచ్చింది. ఆ సీరియల్ ఇంకో ఏడాది నడిచింది. బెలిండా చివరిదాకా చేసింది. మారెన్‌తో పని మాటలే. లొకేషనుకు ఒకే కార్లో వెళ్ళాల్సి వచ్చినప్పుడు మారెన్ ఎక్కుతూనే అనేది: "నాకేం చెప్పకు బెలిండా. నన్ను నేను నమ్మట్లేదు." ఆమె భయం నిజమైనదేనని బెలిండాకు తెలుస్తూనే ఉండేది, అయినా మనసు కరగలేదు.

మరుసటి మార్చిలో, కాలువ పూడిక తీసేరోజు, తల్లి తనను కూడా తీసుకెళ్ళమంది. పని మొదలుపెట్టే ముందు ఊరంతా చర్చి పక్క హాల్లో కూడి, ఎవరి వంతు ఎంతో మాట్లాడుకుంటారు. నలభై మందిదాకా వచ్చారు. పారలన్నీ గోడకు ఆనించి ఉన్నాయి. కొత్త కాలువ పెద్ద, ముప్ఫై ఏళ్ళ లూర్డెస్ అనే అమ్మాయి, ఇంకెవరైనా మాట్లాడతారా అని అడిగింది. మొక్కుబడిగా అడిగే మాట. అడెలైడా కర్ర ఊతగా లేచి నిలబడింది.

బెలిండా ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ఏం చెప్పబోతోందో తల్లి ముందుగా ఒక్క ముక్క కూడా అనలేదు.

"నా కొడుకు పోయిన ఏడు నీళ్ళు వదిలింది ఓనోఫ్రే," అంది అడెలైడా. "తూము తలుపు జారలేదు, రెండురోజుల ముందు తనే వదిలాడు. ఎవరికీ చెప్పించలేదు. నాకు తెలుసు, దాచాను. ఆయన పోయి ఇరవై ఐదేళ్ళయింది, ఇక ఉరేసుకోడు. నా కూతురు తనవల్లే అనుకుంటూ బతికింది. అది దాని తప్పు కాదు. ఇదే చెప్దామని వచ్చా."

కూర్చుంది. లూర్డెస్ పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయింది. నలభై మంది చూపులూ బెలిండా మీద పడి, వెంటనే పక్కకు తప్పుకున్నాయి. జీవితమంతా ఇతరులను చూడడమే తప్ప, ఇంతమంది తనను చూడడం ఆమెకు తెలియదు. తల దించుకోకుండా కూర్చోవడానికి కష్టపడింది.

వెనక బెంచీ నుంచి ఎపిఫానియో లేచాడు. ఎనభై దాటిన ముసలాయన, ఎగువన పెద్ద తోట అతనిది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"వదలమని అడిగింది నేను," అన్నాడు. "నేనూ, మా అన్నా. ఆ ఏడు పూత నిలిచింది. కాపు విరగకాసింది. ఆ పళ్ళు ఈ ఊళ్ళో అందరం తిన్నాం."

ఇంకేదో అందామనుకున్నాడు, మాట పెగల్లేదు. కూర్చోకుండా అలాగే నిలబడి ఉన్నాడు. చివరకు లూర్డెస్ లేచి, ఈసారి నీళ్ళు వదిలే ముందు ప్రతి గుమ్మం దగ్గరికీ తనే వచ్చి చెప్తానంది. జనం ఒక్కొక్కరే పారలు తీసుకుని బయటికి నడిచారు. కొందరు అడెలైడా భుజం తట్టి వెళ్ళారు. కొందరు ఆమె వైపు చూడకుండా వెళ్ళారు.

"చలేస్తోంది, ఇంటికి పోదాం పద," అంది తల్లి.

బెలిండా ఆమెను కార్లో కూర్చోబెట్టి, తను ఎక్కి తాళం తిప్పబోతుంటే ఎపిఫానియో వచ్చి అద్దం దగ్గర నిలబడ్డాడు. ఆమె అద్దం దించింది.

"ఆ పిల్లాడి పేరు మర్చిపోయానమ్మా," అన్నాడు. "లోపల నిలబడి ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. ఏమనేవాళ్ళు వాణ్ణి?"

బెలిండా తల్లికేసి చూసింది.

"ఫిలిబెర్టో," అంది బెలిండా. "బేటో అనేవాళ్ళం."

"బేటో," అన్నాడు ముసలాయన. ఇంకోసారి అనుకున్నాడు. టోపీ పెట్టుకుని, కారుకానించిన తన పార తీసుకుని, మిగతావాళ్ళ వెనక కాలువలోకి దిగాడు.